గొర్రె దిగిన కాటా

కువైట్‌లో, సాల్మియాలోని ఒక మాల్‌లో ఆ మధ్య పాత ఫోటోల ప్రదర్శన పెట్టారు. నేను ఫోటోల కోసం వెళ్ళలేదు. ధర రాసిపెట్టిన కొట్లో మా ఆవిడ చెప్పులకు బేరమాడుతుంటే పక్కన నిలబడలేక బయటికి వచ్చాను. నాకు సిగ్గు రావడమూ విడ్డూరమే. కోనసీమలో మా వీధంతా కొట్లే. నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టలు, మేనమామది ఇనప సామాను. నేను బేరమాడకుండా ఒప్పుకున్నది పెళ్ళిచూపులప్పుడొక్కటే. అక్కడ ఆడే పని మా ఆవిడ పెట్టుకుంది.

ఫోటోలన్నీ ఎడారిలోని ఒక రేసు ట్రాక్‌వి. ఇరాక్ వాళ్ళు వచ్చిపడ్డ యుద్ధానికి ముందు నడిచి, యుద్ధంతో మూతబడి, ఆ తర్వాత కొన్నేళ్ళకు తుప్పు పట్టిన ఇనుమూ ఇసుకమేటలూ ఎత్తిపోయించి మళ్ళీ తెరిచిన ట్రాక్ అది. అక్కడ కార్ల పందేల కన్నా జనం ఎగబడేది వానెట్‌ల పందేనికి. సామాన్లు వేసుకు తిరిగే చిన్న ట్రక్కును ఇక్కడ వానెట్ అంటారు. కూరగాయలో, గడ్డిమోపులో, గొర్రెలో మోసే బండి. అలాంటి బండి ఏమీ మార్చకుండా పరిగెత్తాలి, అదీ ఆ పందెం గొప్ప.

ఒక ఫోటో ముందు ఆగిపోయాను. తెల్ల వానెట్ మలుపు తిరుగుతోంది. లోపలి వైపు చక్రాలు నేలను వదిలేశాయి. స్టీరింగు దగ్గరున్న యువకుడి పళ్ళు కూడా కనిపిస్తున్నాయి. క్యాబిన్ పైకప్పు మీద మాత్రం ఎవరిదో అరచెయ్యి, లావుపాటి ముంజెయ్యి, మాంసంలోకి దిగబడిన రాగి కడియం. మోచేతి దగ్గర ఫోటోని కోసేశారు. కింద అట్ట మీద రాసి ఉంది: ఈ పందెంలో ప్రతి బండీ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే పరిగెత్తేది, ఏ అదనపు బరువూ ఉండేది కాదు.

ఆ అదనపు బరువు చెయ్యే అది. దాని తాలూకు మనిషి రాజంపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో పోయాడని కిందటేడు ఎవరో చెప్పారు. పోయినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆ అట్ట చదివాక మాత్రం మాల్‌లో దొరికే ఏ తిండీ లోపలికి పోలేదు.

అప్పట్లో నేను షువైఖ్ గ్యారేజీల వీధిలో ఒక టైర్ల కొట్లో కౌంటరు మీద ఉండేవాణ్ణి. కొట్టు ఎవరిదో, కూర్చునేది నేను. కౌంటరు వెనక కూర్చున్నవాడు ఎవడైనా ఆ కడియం మనిషికి శెట్టే. నా కులం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. శెట్టీ అంటే పలికేవాణ్ణి, నేను అన్నా అనేవాణ్ణి. కాగితాల మీద ఆయన సల్వా అనే పేటలో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. నేను చూస్తుండగా ఏనాడూ స్టీరింగు పట్టుకోలేదు. ఆయన పని కూర్చోవడం. బండి వెనక, ఖాళీ బాడీలో.

వానెట్‌కు ముందు బరువెక్కువ, వెనక ఏమీ ఉండదు. వేగంగా మలుపు తిప్పితే వెనక భాగం కుక్క తోకలా ఊగి బండి పక్కకు జారుతుంది. ఇసుక బస్తాలు వేద్దామంటే అది మార్పు కింద లెక్క, బండిని పందెం నుంచి తీసేస్తారు. మనుషులు కూర్చుంటే మార్పు కాదు. ఎందుకంటే వానెట్ వెనక కూలీలు కూర్చోవడం ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే, కంపెనీ నుంచి వచ్చినట్టే లెక్క. అందుకని ప్రతి బండి వెనకా ఒక బరువైన మనిషి. మా నాన్న కొట్లో తూకం తేడా వస్తే తేలిక తట్టలో ఒక పడికట్టు రాయి వేసేవాళ్ళు. ఆ రాయి పని ఇక్కడ మనిషి చేసేవాడు.

ఆయన దాన్ని పని అనేవాడు కాదు. చరిత్ర అనేవాడు.

కొట్టుకు వస్తే రెండు టైర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చునేవాడు. ఒక్క టైరు ఆయన కింద అణిగిపోయేది. కూర్చోగానే అరచేత్తో పక్కనున్న రేకు మీద ఒక దెబ్బ. పందెంలో పైకప్పు మీద కొడితే అది డ్రైవరుకు సంకేతం: ఒక దెబ్బ కొడితే మలుపు పట్టుకో, రెండు కొడితే వదులు. టీ వచ్చినా దెబ్బ, ఎవరైనా మంచి మాట చెప్పినా దెబ్బ. తర్వాత ఆ వాక్యం.

“ఇను శెట్టీ. చరిత్ర తెలీకుండా టైర్లు అమ్మి ఏం జేసుకుంటావు?”

ఆ చరిత్ర ఎప్పుడూ పుచ్చకాయలతో మొదలయ్యేది. యుద్ధానికి ముందు, కూరగాయల మార్కెట్ నుంచి ఒక వానెట్ పుచ్చకాయలు దించేసి సరాసరి పందేనికి వచ్చిందట. వెనక గోనెపట్టాల మీద ఒక పఠాను కూలీ నిద్రపోతున్నాడు, డ్రైవరు చూసుకోలేదు. మలుపులో మిగతా బండ్లన్నీ జారాయి, ఇదొక్కటే నిలబడింది. గెలిచాక జనం ఎగబడి చప్పట్లు కొడితే పఠానుకు మెలకువ వచ్చింది. అతను మొదటివాడు. రెండోవాడు ఈజిప్టు వంటమనిషి. పైకప్పు మీద చేత్తో కొట్టే పద్ధతి అతను కనిపెట్టాడు. మూడోవాడు తాను. తర్వాత నాలుగోవాడు లేడు, ఉన్నా ఆయన లెక్కలోకి రాడు. “వాళ్ళు ఊరికే కూచుంటారు శెట్టీ. కూచోడం వేరు, బరువు పెట్టడం వేరు.”

ఎవరైనా ఈ వరసను కాస్త తప్పు చెప్పారా, ఇక అంతే. ఒకసారి మా వీధి టీకొట్టు మలయాళీ మాటవరసకు మొదటివాడు ఈజిప్టువాడు కదా అన్నాడు. ఈయన చేతిలో టీ కింద పెట్టి, మళ్ళీ పుచ్చకాయల దగ్గర మొదలెట్టాడు. ఎండలో నిలబెట్టి మొత్తం చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకుని, అప్పుడు టీ అందుకున్నాడు. టీ చల్లారిందని ఇంకొకటి ఊరికే పోయించుకున్నాడు. బేరంలో నాకన్నా మొండివాణ్ణి అప్పుడే చూశాను.

తిండి సంగతి చెప్పాలి, చెప్పడానికే కంపరం. సల్వా ఇంట్లో విందు అయిపోగానే పెద్ద పళ్ళెం వెనక వరండాలోకి వచ్చేది. వాళ్ళు చిదిమి వదిలేసిన అన్నం, కొరికిన ఎముకలు, గడ్డకట్టిన గొర్రె కొవ్వు. ఆ కొవ్వు చూస్తే ఆయన కళ్ళు మెరిసేవి. రొట్టెతో గీరి, మడిచి, నమలకుండా మింగేవాడు. తిన్నాక చేతులు కడుక్కునేవాడు కాదు. ఆ జిడ్డు మడమల పగుళ్ళకు రాసుకునేవాడు, తీరిగ్గా, ఒక్కొక్క పగులుకూ. ఏంటన్నా ఇది అంటే, ఆ ఇంటి పెద్దావిడ ‘మామా’ దగ్గరున్న డబ్బా క్రీము కన్నా ఇదే బాగా పనిజేస్తాదని చెప్పి, నాకూ రాస్తానని చెయ్యి చాచాడు. నేను కుర్చీ వెనక్కి జరిపాను.

అయినా ఆ తిండి నన్ను రోత పెట్టింది తక్కువే. ఆ తిండి దేనికో చూశాక తెలిసింది.

ఆ ఇంటి అబ్బాయి, ఈయన చిన్న బాబా అని పిలిచేవాడు, బండి నడిపేది అతనే, ప్రతి పందేనికీ కొత్త టైర్లు మా దగ్గరే కొనేవాడు. టైర్లు తీసుకుని నేనే వెళ్ళేవాణ్ణి. వాళ్ళ ముంగిట్లో ఇనప కాటా ఒకటి ఉండేది, విందుకు తెచ్చిన గొర్రెను తూచడానికి. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి గొర్రెను తూచి కిందికి లాగుతున్నారు. అది భయంతో కాటా మీదే పెంటికలు వేసింది. ఆ అబ్బాయి స్నేహితులు కుర్చీల్లో కూర్చుని ఖర్జూరాలు తింటున్నారు. గొర్రె దిగింది. ఎవరూ పిలవకుండానే ఈయన చెప్పులు విప్పి, కాటాకు దణ్ణం పెట్టి, ఆ పెంటికల మధ్య ఎక్కి నిలబడ్డాడు. ముల్లు ఎంత దూరం పోతుందో చూసి వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకడు లేచి వచ్చి, గొర్రెకు తోక దగ్గర కొవ్వు పట్టి చూసినట్టే, ఈయన నడుం దగ్గర పట్టి చూశాడు. ఈయన నవ్వుతూ చేతులు పైకెత్తి, పట్టుకోవడానికి వీలు చూపించాడు.

దిగాక నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “చూసినావా శెట్టీ? పోయిన వారానికీ ఇప్పటికీ.”

వాళ్ళ మీద నాకు అసహ్యం వేయాలి. వేసింది. కానీ చెప్పులు విప్పి కాటాకు దణ్ణం పెట్టిన ఈ మనిషి మీద అంతకు రెట్టింపు వేసింది. నన్ను సాగనంపుతూ గేటు దాకా వస్తే అడిగేశాను కూడా, రాయిని కూడా చేత్తో ఎత్తి పెట్టాలి కదన్నా, మీ అంతట మీరే ఎక్కుతారేంటి అని. ఆయనకు కోపం రాలేదు. జాఖూర్ చూసినావా ఎప్పుడైనా అని అడిగాడు.

జాఖూర్ అంటే ఎడారిలో గొర్రెలూ ఒంటెలూ ఉంచే దడి. యుద్ధంలో అందరితో పాటు ఈయనా జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా పోయి, గుడారాల్లో పడుండి, ఇంటికి చేరి, మళ్ళీ వచ్చినప్పుడు ఈ ఇంటివాళ్ళు మొదట పంపింది అక్కడికే. రేకుల గది, నీళ్ళ టాంకు, గొర్రెలు. నీళ్ళ బండివాడు వస్తే అదే మనిషి ముఖం, వాడికీ ఈయన భాష రాదు. చాలాకాలం అక్కడే ఉన్నాడు. ట్రాక్ మళ్ళీ తెరిచాక, అబ్బాయికి పందెం పిచ్చి పట్టాక, పాతకాలం బరువు మనిషి తమ గొర్రెల దగ్గరే ఉన్నాడని తెలిసి సల్వాకు తెచ్చుకున్నారు.

“ఆడ మాట్లాడేదానికి మనిషి ల్యాడు శెట్టీ. నేను సెప్పేది ఇనేటోడు ల్యాడు. నోరు ఎండిపోయి అతుక్కుంటాది. బరువు తగ్గితే మళ్ళీ ఆడికే పంపుతానని చిన్న బాబా ముందే చెప్పినాడు.”

కాటా ముల్లు వెనక్కి వచ్చిందా, ఆయన మళ్ళీ గొర్రెల్లోకి. మొత్తం సంగతి అంతే. ఇంత నోరున్న మనిషి నోరు మూసుకోవడానికే భయపడుతున్నాడని తెలిశాక కూడా నాకు జాలి కలగలేదు. చిరాకే ఇంకొంచెం చిక్కబడింది. కొందరు పందెం పెద్దలు మనుషుల్ని ఆపేసి, అందరికీ సమానంగా ఇసుక మూటలు పెడదామన్నారట. ఈయన ఆ మాటకు మండిపడ్డాడు. ఇసుక మూటకు మలుపు తెలుస్తాదా, వాళ్ళకేం తెలుసు అని మా కొట్లో కూర్చుని వాళ్ళ తెలివితక్కువతనాన్ని ఏకరువు పెట్టాడు. తనను కిందికి దించుదామన్నవాళ్ళనే తిట్టుకున్నాడు.

తర్వాత ఆయన నీళ్ళు తాగడం ఎక్కువైంది. మా కొట్లో నీళ్ళ డబ్బా ఖాళీ చేసేవాడు, మాటిమాటికీ వెనక్కి వెళ్ళి వచ్చేవాడు. వెనక గోడ దగ్గర చీమలు బారులు తీరాయి. మా నాన్న కొట్లో బెల్లం బస్తా చిరిగినప్పుడే అలాంటి బారు చూశాను. అన్నా, మీకు షుగరుంది, డాక్టరు దగ్గరికి పోదామన్నాను. పోయొచ్చినానన్నాడు. తక్కువ తినమన్నాడట డాక్టరు. ఆ మాట నా బతుక్కే ఎసరు కదా, ఆయప్పకేం తెలుసు అని మందుల చీటీ మడిచి చెవిలో గులిమి తీసుకున్నాడు.

కడియం మాంసంలోంచి బయటికి వచ్చింది. మోచేతి దాకా జారుతోంది. రెండు టైర్ల మీద కూర్చునేవాడు ఒక్కదానికి వచ్చాడు, అదీ అణగడం లేదు.

పందెం వారంలో ఉందనగా వచ్చి, రేకు మీద దెబ్బ కొట్టకుండా కూర్చున్నాడు. చక్రాలు సరిగ్గా తిరగడానికి అంచుకు కొట్టే సీసం బిళ్ళలు మా దగ్గర డబ్బాల్లో ఉండేవి. వాటివైపు చూస్తూ అడిగాడు.

“అవి నాకు ఇయ్యి శెట్టీ. పాతవైనా పర్వాల్యా.”

ఎందుకన్నాను. నడుముకు కట్టుకుంటానన్నాడు. గుడ్డలో కుట్టి, లోపల.

“అన్నా, అలా కట్టుకుని మలుపులో బయటికి వాలితే పడిపోతారండి. పడితే లేవలేరు.”

“పడితే గదా.”

“సరుకు అమ్మనని నేనెవరికీ చెప్పలేదండి ఇప్పటిదాకా. మీకు చెబుతున్నాను.”

ఆయన నన్ను చూసిన చూపులో తిట్టు లేదు. ఇంకో కొట్టుకు పోయేవాడి చూపు అది, మాకు బాగా తెలిసిన చూపే. లేచి వెళ్ళాడు. సముద్రం ఒడ్డున చేపల గాలాల కొట్లు బోలెడు. గాలానికి కట్టే సీసం గుండ్లు ఎవరికైనా అమ్ముతారు.

శుక్రవారం నేను టైర్లు తీసుకెళ్ళాను. గొర్రె దిగింది, ఆయన ఎక్కాడు. ఎప్పుడూ బనియనుతో ఎక్కేవాడు, ఆరోజు పొడుగు చొక్కా తొడుక్కున్నాడు. ముల్లు కదిలి పాత చోటికే వచ్చి ఆగింది. చప్పట్లు పడ్డాయి. నడుం పట్టి చూడటానికి ఎవడూ లేవలేదు. ఆయన దిగేటప్పుడు కాటా అంచు పట్టుకుని ఒక్కొక్క కాలే దించాడు. చూసింది నేనొక్కణ్ణే.

పందేనికి నేను ఎప్పుడూ వెళ్ళను; టైర్లు అరిగిపోవడం చూడ్డానికి డబ్బిచ్చి టికెట్టు కొనే తెలివితక్కువ పని నావల్ల కాదు. ఆరోజు మాత్రం వెళ్ళాను. ఎండ, రబ్బరు కాలిన వాసన, కిందికి ఊసిన పొద్దుతిరుగుడు గింజల తొక్కలు. ప్రతి బండి వెనకా ఒక మనిషి మూటలా. తెల్ల వానెట్‌లో ఈయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో పక్క కమ్మీ, ఒక చెయ్యి పైకప్పు మీద.

బండ్లు కదిలాయి. ఒక దెబ్బ, బయటికి వాలాడు. రెండు దెబ్బలు, లోపలికి వచ్చాడు. ఒంట్లో సత్తువ లేని మనిషి, నడుముకు సీసం, తల దాదాపు నేలకు తగిలేలా వాలుతున్నాడు. కూర్చోవడం వేరు, బరువు పెట్టడం వేరు అని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. బండి జారలేదు. చివరి మలుపులో చొక్కా కమ్మీకి తగులుకుని చిరిగింది. లోపలి గుడ్డా చిరిగింది. సీసం గుండ్లు బాడీలో గలగలా దొర్లి, వెనక తలుపు సందులోంచి ట్రాక్ మీద పడ్డాయి. అయినా బండి ముందే వచ్చింది. గెలిచింది.

వెనక వచ్చిన బండివాడు గుండ్లు గుప్పిట్లో పట్టుకుని పెద్దల దగ్గరికి పరిగెత్తాడు. పెద్దలు గొడుగు కింద కూర్చుని విచారించారు. ఈయన చిరిగిన చొక్కాతో నిలబడి తనకొచ్చిన ఇంటి అరబీలో చెప్పుకున్నాడు: ఇది బండికి కట్టింది కాదు, నా ఒంటికి కట్టుకున్నది, నా బరువే. వాళ్ళు తమలో తాము మాట్లాడుకుని తీర్పు చెప్పారు. మనిషి ఒంట్లో ఉన్నది మనిషిది. మనిషి కట్టుకున్నది బండిది. కాబట్టి బండిని మార్చినట్టే. గెలుపు రద్దు.

ఈయన నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. “చూడు శెట్టీ. కొవ్వు పెడితే నేనంట, సీసం పెడితే బండంట.”

నేను బేరానికి దిగాను, అబ్బాయి దగ్గర. ముందు గాలి మాటలు, తర్వాత అసలు మాట: మనిషిని మా కొట్టుకు వదిలెయ్, వీసా మార్పించుకుంటాం, టైర్లు నీకు ఇలాగే చూసుకుంటాను. ఇంటి వీసా కొట్టుకు మారదన్నాడు. మారే రోజులు వస్తాయి, అప్పటిదాకా ఇంట్లో ఉంచమన్నాను. అతను నా మాట వింటూనే ఈయన్ని పై నుంచి కింద దాకా చూశాడు, కోపంగా కూడా కాదు, పాడైపోయిన సరుకును చూసినట్టు. ఖలాస్ అన్నాడు. ఆ మాట తర్వాత బేరం నడిపే ఉపాయం నాకు ఏ కొట్లోనూ నేర్పలేదు. మర్నాడే జాఖూర్‌కు తోలేశారు.

ఎండాకాలం పోయాక అక్కడి నీళ్ళ బండికి టైరు కావాలని కబురొస్తే, నేనే తీసుకెళ్ళాను. దూరం నుంచి రేకుల గది నీడలో ఎవరో నిలబడినట్టు కనిపించింది. దగ్గరికి వెళ్తే ఆయనే. గొట్టంతో తొట్టిలో నీళ్ళు పడుతున్నాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. కడియం లేదు, జారి గొర్రెల్లో ఎక్కడో పోయిందట. ఎట్లుండావు శెట్టీ అన్నాడు, మళ్ళీ తొట్టి వైపు చూశాడు.

నేను పందెం కబుర్లు తెచ్చాను. ఈసారి ఎవరు గెలిచారో, ఎవరు కూర్చున్నారో చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు. గొర్రెల కంపు, ఈగలు, ఆ మూగతనం నాకు వెగటు పుట్టించాయి. ఎదుటివాడు బేరంలోకి దిగకపోతే మావాళ్ళు చేసే పని ఒకటుంది. కావాలని తప్పు ధర చెబుతారు, అవతలివాడు భగ్గుమని నోరు తెరవాలని.

“ఎంతైనా మొదట వెనక కూర్చున్న ఆ ఈజిప్టువాడు గట్టివాడండి,” అన్నాను.

ఆయన గొట్టం ఇంకో తొట్టిలోకి మార్చాడు.

“అయ్యుంటాడులే శెట్టీ. ఎవురైతే ఏముంది.”

పఠాను అసలు లేనే లేడటగా, ఎవరో కల్పించిన కథటగా అన్నాను. పుచ్చకాయలూ అబద్ధమేనట అన్నాను. నీళ్ళు నిండేదాకా చూసి, అవునన్నట్టు తలూపాడు.

ఇక మిగిలింది మూడోవాడు. వాడూ లేడని అంటే దానికీ తలూపేసేలా ఉన్నాడు. నేను టైరు దించి, గోడకు ఆనించి, ఆయన చూస్తుండగానే బండెక్కి వచ్చేశాను.